కప్పు ఒకరికి, సాసరు ఒకరికి

మా నాన్నగారి మీద మా అమ్మకు జన్మంతా ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. జీతం తక్కువనీ కాదు, కోపం ఎక్కువనీ కాదు. ఆఫీసు అయిదింటికి వదిలితే మనిషి ఇంటికి ఏడున్నరకు గాని రాడని. "ఇంతసేపూ ఎక్కడున్నారు?" అంటే, "ఎక్కడుంటాను, ఇరానీ హోటల్లో టీ తాగి వచ్చాను" అనేవారాయన. "అర కప్పు టీ తాగడానికి రెండు గంటలా?" అనేది అమ్మ. దానికి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, మా నాయనమ్మ కంటబడకుండా అమ్మ చేతిలో పెట్టేవారు. అందులో నాలుగు ఉస్మానియా బిస్కట్లు. దానితో ఫిర్యాదు మర్నాటికి వాయిదా పడేది.

నాన్నగారు పోయి పన్నెండేళ్ళయింది. అమ్మకు ఎనభై దాటాయి. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారం రోజులకు, పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, మీ నాన్నగారు ఆ రెండు గంటలూ కూర్చున్న చోటేదో నాకొకసారి చూపించరా" అన్నది.

అరవై ఏళ్ళకు పైబడి ఈ ఊళ్ళో కాపురం చేసిన మనిషి. సాలార్‌జంగ్ మ్యూజియం చూసింది. లాడ్ బజారులో గాజులు బేరమాడి, కొట్టువాడి చేత దణ్ణం పెట్టించుకున్నది. కాని ఇరానీ హోటలు గడప మాత్రం తొక్కలేదు. ఆ రోజుల్లో మా వంటి ఇళ్ళ ఆడవాళ్ళు తొక్కేవారు కారు. మా నాయనమ్మ మడి సంగతి సరేసరి. మాంసం వండే పొయ్యి పక్కనే టీ కాచే చోటికి కొడుకు రోజూ వెళ్ళివస్తున్నాడని తెలిస్తే, ఆవిడ నూతిలో నీళ్ళన్నీ అతని నెత్తిన పోయించి ఉండేది!

అమ్మ అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. నాన్నగారి పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక నోటు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, కాగితం పసుపు పచ్చబడింది. ఎడమ పేజీలో నాన్నగారి గుండ్రటి తెలుగు దస్తూరి. కుడి పేజీలో ఉర్దూ. కొన్ని పేజీలలో ఉర్దూ అక్షరాలు పలకమీద పిల్లవాడు దిద్దినట్లు వంకరగా ఉన్నాయి, కొన్నింటిలో ముత్యాల్లా ఉన్నాయి. మొదటివి నాన్నగారివేనని తెలుస్తూనే ఉంది. రెండవవి ఎవరివి?

"మున్షీ సాహెబుగారివి అయి ఉంటాయి" అన్నది అమ్మ.

మున్షీ సాహెబు పేరు మేమందరం ఎరుగుదుము. మనిషిని ఎవరమూ ఎరగము. సరే, పుస్తకం సంచిలో వేసుకుని అమ్మా నేనూ ఆటో ఎక్కాము. మా ఆవిడ మనుమడి బడి వేళ కావడంతో ఇంట్లోనే ఆగిపోయింది. పాత బస్తీకి వెళ్ళదలచిన పాఠకులు ఎవరైనా ఉంటే ఉపయోగిస్తుందని మా ప్రయాణం సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నల్లకుంట నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా వెళితే మూసీ మీద నయాపూల్ వస్తుంది. మెట్రో రైలులో వచ్చేవారు మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర దిగి ఆటో చేసుకోవచ్చు. వంతెన మీద నిలబడితే ఇవతలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, అవతలి గట్టున ఎర్రరాతి హైకోర్టు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, ఈ నదీతీరం అంతా కొత్తగా కట్టుకొచ్చారు. 1920లో ప్రారంభమైన ఆ హైకోర్టు భవనమే మా కుటుంబానికి ఈ ఊళ్ళో అన్నం పెట్టింది.

1954లో ఆంధ్ర రాష్ట్రపు హైకోర్టు గుంటూరులో పెట్టారు. నాన్నగారికి అందులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే కోర్టు హైదరాబాదుకు తరలింది. కోర్టుతో పాటు ఫైళ్ళూ, ఫైళ్ళతో పాటు గుమాస్తాలూ! ఇరవై రెండేళ్ళ వయసులో, చేతిలో పెట్టె, చంకలో పరుపుచుట్టతో ఆయన ఇక్కడ దిగారు. ఒక్క ముక్క ఉర్దూ రాదు. ఇక్కడేమో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది మొదలు, దశాబ్దాల తరబడి కోర్టు రికార్డులన్నీ ఉర్దూలోనే. బీరువా తెరిస్తే కాగితాలు బోలెడు, చదవగలిగింది మాత్రం ఏమీ లేదు. రికార్డు గదిలో నిజాము కాలం నుంచి ఉన్న ఒక పెద్దాయన ఈ కుర్రవాడి అవస్థ చూసి, సాయంత్రం టీకి రమ్మన్నారట. ఆయనే మున్షీ సాహెబు.

ఇంతవరకే మాకు తెలుసు.

హైకోర్టు దాటి నాలుగడుగులు వేస్తే మదీనా చౌరస్తా. మదీనా భవనం పేరు ఊరికే వచ్చింది కాదు. దాని అద్దెల మీద వచ్చే రాబడి అరేబియాలోని మదీనా నగరానికి చెందాలని దాతలు వక్ఫు చేసిన ఆస్తి అది. అందులోనే ఒక ఇరానీ పెట్టిన మదీనా హోటలు ఒకప్పుడు పాత బస్తీకంతటికీ పెద్ద అడ్డా. రంజాను నెలలో హలీం వండి హోటలులో అమ్మడం 1950 ప్రాంతాలలో అక్కడే మొదలైందని చెప్పుకుంటారు. నిజాము సైన్యంలో పనిచేయడానికి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల ఇళ్ళలో అంతకుముందు నుంచే దాని వంటి వంటకం ఉండేది. గోధుమా మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి, కర్రలతో గోటించి చేసే ఆ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన దేశంలో మాంసపు వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. తినేవారు రంజాను రాత్రులలో రావాలి. తినని మావంటి వారు కూడా ఒకసారి రావచ్చు. తెల్లవార్లూ ఆ వీధుల్లో దీపాలూ, జనమూ చూస్తే కడుపు నిండకపోయినా కన్ను నిండుతుంది.

నాన్నగారి హోటలు మాత్రం అది కాదు. దాని వెనక సందులో మూలమీద ఉండేదని, రెండు వైపులా తలుపులనీ, నిలువుటద్దాలనీ ఆయన వర్ణించి చెప్పేవారు. ఆ గుర్తుల ప్రకారం వెతుక్కుంటూ వెళ్ళాము. మూల ఉంది, రెండు వైపులా తలుపులు ఉన్నాయి. లోపల పెళ్ళిబట్టల దుకాణం! బొమ్మలకు జరీ లెహంగాలు కట్టి నిలబెట్టారు. గుమాస్తా కుర్రాడు "రండమ్మా, కొత్త డిజైన్లు" అన్నాడు. హోటలు ఎప్పుడు తీసేశారని అడిగితే, "నేను పుట్టకముందే" అన్నాడు.

అమ్మ లోపలికి తొంగిచూసింది. గోడకు ఒక పాత నిలువుటద్దం ఇంకా ఉంది, పాదరసం మచ్చలు పడి. దాని ముందు ఎవరో పెళ్ళికూతురు దుపట్టా వేసుకుని చూసుకుంటోంది. "ఇదేనేమోరా" అన్నది అమ్మ. అంతే. ఇంకేమీ అనలేదు. నేను చిన్నబోయి, "పోనీలే, ఇంకో హోటలుకు వెళదాం" అన్నాను.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ మీదుగా నడిచాము. రాతి కమానుల కింద ముత్యాల కొట్లు, అత్తరు కొట్లు. నడుస్తూ అమ్మ అడిగింది: "అసలు ఇరానీలు ఈ ఊరెందుకు వచ్చార్రా? టీ అమ్మడానికా?"

చెప్పాను. ఇరాను వారు ఈ ఊరికి కొత్తవారు కారు. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చినవాడు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు కట్టించి, దాని చుట్టూ నగరం వేయిస్తే, ఆ నగరానికి నక్షా గీసిన పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు. వాళ్ళు రాజ్యాలు ఏలడానికి వచ్చారు. టీ హోటళ్ళవారు పొట్ట చేత పట్టుకుని వచ్చారు. పందొమ్మిదో శతాబ్దం చివరా ఇరవయ్యో శతాబ్దం మొదటా, యజ్ద్ వంటి ఎడారి ప్రాంతాలలో బతకలేక ఎందరో బొంబాయి చేరారు. అక్కడ 1904లో పెట్టిన కయానీ వంటి హోటళ్ళు చాలావరకు జొరాస్ట్రియన్ మతస్థులవి. బొంబాయి నుంచి పూనా, పూనా నుంచి రైలు దారి పట్టుకుని హైదరాబాదు. ఇక్కడికి వచ్చినవారిలో ముస్లింలు ఎక్కువ. నిజాము రాజ్యంలో పారశీకం తెలిసినవారు ఉండేవారు, మొహర్రం జరిగేది. కనుక పరాయి ఊరనిపించలేదు. వీధి మూలమీది కొట్టు మనవాళ్ళు శుభం కాదని తీసుకునేవారు కారనీ, అందుకే ఆ మూలలన్నీ ఇరానీలకు చవకగా దొరికాయనీ ఒక మాట ఉంది. రెండు వీధుల జనం కనిపించే చోటు టీ కొట్టుకు శుభం కాక మరేమిటి?

"మరి మనవాళ్ళకు టీ అలవాటు ఎట్లా అయింది?" అన్నది అమ్మ. అదీ ఒక కథే. 1903లో ప్రభుత్వం తేయాకు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో తేయాకుకు ప్రచారం చేయించింది. తరువాతి దశాబ్దాలలో రైలు స్టేషన్లలో, సంతల్లో టీ కాచి చూపించి జనానికి రుచి మప్పారు. మా నాయనమ్మ దృష్టిలో టీ అంటే చుట్టకూ సారాకూ మధ్య ఎక్కడో ఉండే వ్యసనం.

గుల్జార్ హౌజు దగ్గర అమ్మ కాసేపు ఆగి కాళ్ళు రాసుకున్నది. చార్మినారు చుట్టూ ఇప్పుడు వాహనాలు రానివ్వరు గనుక పెద్దవాళ్ళతో వెళ్ళేవారు కొంత నడక తప్పదని తెలుసుకోవాలి. పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య వెళితే ఎండా ఉండదు, జనమూ ఉండరు. గాజులు కొనదలిస్తే మాత్రం పదకొండు దాటాక వెళ్ళాలి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు ప్రార్థనల రద్దీ ఉంటుంది, అప్పుడు వద్దు.

ఆ మసీదు గోడ పక్కనే, చార్మినారుకు ఎదురుగా, నిమ్రా అనే టీ కొట్టూ బేకరీ ఉంది. ఇది మా నాన్నగారి కాలంనాటిది కాదు, 1990 తరువాత వచ్చింది. యజమానులు ఇరానీలు కావాలనీ ఇప్పుడు నియమం లేదు. టీ కాచే పద్ధతి ఇరానీదైతే చాలు. కూర్చునేందుకు పెద్దగా చోటు లేదు. అందరూ వీధిలో నిలబడి, నాలుగు వందల ఏళ్ళ నాటి కట్టడాన్ని చూస్తూ తాగుతారు.

టీ కాచే చోట అమ్మ పది నిమిషాలు నిలబడిపోయింది, పెళ్ళివంట చూసినట్లు. ఇంట్లో మనం పాలూ నీళ్ళూ తేయాకూ పంచదారా ఒకే గిన్నెలో వేసి మరిగిస్తాము. ఇక్కడ అట్లా కాదు. తేయాకు నీళ్ళు ఒక రాగి పాత్రలో వేసి, మూతను గుడ్డతోనో పిండితోనో బిగించి, సన్నటి సెగ మీద మగ్గబెడతారు. పక్కన ఇంకో పాత్రలో పాలు చిక్కబడేదాకా మరుగుతూనే ఉంటాయి. అడిగినప్పుడు కప్పులో మొదట డికాక్షను, దాని మీద పాలు. పైన లేత మీగడ. పంచదార ఎక్కువ కావాలంటే "ఖడా చమ్మచ్" అనాలి. అంటే చెంచా నిలువునా నిలబడేటంత తీపి అన్నమాట!

"పాలు వేరే కాస్తున్నారు. అందుకే విరగడం లేదు, వాసనా పోవడం లేదు" అని అమ్మ తీర్పు చెప్పింది. రేపటి నుంచి మా ఇంట్లో టీ పద్ధతి మారుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

బిస్కట్ల అద్దాల బీరువా ముందు ఇంకో పది నిమిషాలు. ఉస్మానియా గుండ్రంగా, కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదట చేశారని కూడా కొందరంటారు. అదిగాక చంద్రవంక ఆకారంలో చాంద్ బిస్కట్టు, పొరలు పొరలుగా ఖారీ, లోపల టూటీఫ్రూటీ పెట్టిన దిల్‌పసంద్. వెన్న పూసిన బన్ను టీలో ముంచుకుని తినడం ఒక విద్య. ఒక్క క్షణం ఆలస్యమైతే సగం కప్పులో మునుగుతుంది. శాకాహారులకు ఒక హెచ్చరిక: నలుచదరంగా ఉండే లుక్మీని చూసి మన కజ్జికాయ చుట్టమనుకోకండి, లోపల ఖీమా ఉంటుంది. బిస్కట్లలో గుడ్డు సంగతి కూడా మొహమాటపడకుండా అడగండి, చెబుతారు. మాంసం తినేవారికి మాత్రం ఈ ఊళ్ళో దారి తప్పే ప్రమాదం లేదు. ఘాన్సీ బజారులోని షాదాబ్‌లో బిరియానీ, తెల్లవారుజామున నహారీ తినడానికి ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తుంది. నహారీతో తినే నాలుగు మూలల నాన్‌రొట్టెకు పురానీ హవేలీ ప్రాంతం పేరుపడ్డది. అక్కడ 1851లో "మున్షీ నాన్" అనే కొట్టు పెట్టినాయన నాలుగో నిజాము కొలువులో మున్షీగా పనిచేసినవాడట. గుమాస్తాలకూ ఈ ఊరి తిండికీ ఉన్న సంబంధం పాతదేనన్నమాట.

"ఇక్కడ బాగానే ఉంది గాని, ఇందులో రెండు గంటలు నిలబడతారుట్రా ఎవరైనా?" అన్నది అమ్మ. నిజమే. కూర్చోవడం లేని ఇరానీ హోటలు తులసి లేని కోట వంటిది.

అంచేత షాలిబండ వైపు వెళ్ళే దారిలో, ఒక సందు మూలమీద ఉన్న పాత హోటలుకు తీసుకువెళ్ళాను. దాని పేరు రాయను. పేరు రాస్తే మీరంతా వెళతారు, మీరంతా వెళితే అక్కడ చోటుండదు. చలువరాతి బల్లలు, వంపు కర్ర కుర్చీలు, గోడలకు అద్దాలు, గల్లాపెట్టె వెనక యజమాని. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఆయన తాత యజ్ద్ నుంచి వచ్చాడట. అమ్మ గుమ్మంలో తటపటాయించడం చూసి, ఆయనే లేచి, "లోపలికి రండమ్మా, ఫ్యాను కింద కూర్చోండి" అని తెలుగులో పిలిచాడు.

అమ్మ కుర్చీ అంచు మీద, బస్సు ఎక్కడ దిగాలో తెలియని దానిలా కూర్చున్నది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు పొద్దుటి ఉర్దూ పత్రిక చెరో సగం పంచుకుని చదువుతున్నారు. వాళ్ళ ముందు ఒకే టీ. ఒకాయన సగం సాసరులో పోసుకున్నాడు, రెండో ఆయన కప్పు తీసుకున్నాడు. దీన్నే ఇక్కడ "ఏక్ మే దో" అంటారు. వన్ బై టూ అన్నా సరే. ఒక టీ డబ్బులిస్తే ఇద్దరికి కూర్చునే హక్కు వస్తుంది. ఎంతసేపని ఎవరూ అడగరు.

ఐర్లండు దేశస్థుడు ఏ నగరానికి వెళ్ళినా అక్కడ తన దేశపు పబ్బు ఉందా అని వెతుక్కుంటాడట. డబ్లిన్‌లో పబ్బు తాగే చోటు మాత్రమే కాదు, ఆ వీధికంతటికీ చావడి. వియన్నా నగరపు కాఫీ హోటళ్ళ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా దేశం తన వారసత్వ సంపదలలో చేర్చుకుంది. మన పల్లెల్లో రచ్చబండ ఉండేది, దానికి డబ్బు కూడా అక్కర్లేదు. కాని రచ్చబండ మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరు ముందే నిర్ణయించి పెట్టేది. ఇరానీ హోటల్లో ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అదే మనది. ఇరవై రెండేళ్ళ గుంటూరు గుమాస్తాకు, రిటైరు కావలసిన మున్షీకి ఇద్దరికీ సరిపడే బల్ల ఆ రోజుల్లో ఇంకెక్కడ దొరికేది?

టీ వచ్చింది. అమ్మ నా వంక చూసి, కప్పులో సగం సాసరులో పోసి, కప్పు నా వైపు నెట్టింది. తను సాసరు తీసుకుంది.

నేను నోటు పుస్తకం తీసుకుని యజమాని దగ్గరకు వెళ్ళి, "దీంట్లో ఏముందో చదివి చెబుతారా సాబ్?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకంతో సహా మా బల్ల దగ్గరకే వచ్చి కూర్చున్నాడు.

మొదటి పేజీలన్నీ మాటల పట్టికలు. ఎడమవైపు తెలుగులో వకీలు, కుడివైపు ఉర్దూలో అదే మాట. ఇట్లాగే నకలు, హాజరు, జప్తు, దస్తావేజు, రాజీనామా. ఒక చోట నాన్నగారు ఎర్ర సిరాతో "ఇవన్నీ నాకు ముందే వచ్చునే!" అని రాసుకున్నారు. నాకు నవ్వు వచ్చింది. ఉర్దూ రాదని బెంగపెట్టుకున్న మనిషికి, తాను గుంటూరులో రోజూ వాడిన కోర్టు తెలుగులో సగం అరబ్బీ పారశీకమేనని తెలిసిన క్షణం అది. ఈ వ్యాసం మొదట్లో ఫిర్యాదనీ, జవాబనీ, జేబనీ, కాగితమనీ, వాయిదా అనీ నేను రాసినవన్నీ ఆ దారిన వచ్చినవే. మీరు తెలుగని చదివారు, నేను తెలుగని రాశాను. ఇద్దరమూ తప్పు చేయలేదు.

తరువాతి పేజీలలో ముత్యాల దస్తూరి మొదలైంది. ఆయన మొదటి వాక్యం చదవబోయి ఆగాడు. మళ్ళీ చదివాడు. పుస్తకం దూరంగా పెట్టి చూశాడు. "ఇది ఉర్దూ కాదు సాబ్" అన్నాడు.

"మరి పారశీకమా?"

"కాదు. లిపి ఉర్దూయే..." అని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "కూ... కూర్చోండి. మంచి... నీళ్ళు... తాగుతారా?" చదివి, తలెత్తి, బిగ్గరగా నవ్వాడు. "తెలుగు సాబ్! తెలుగును ఉర్దూలో రాశాడు!"

అప్పటికి తెలిసింది మాకు. ఒకరు నేర్పుతూ ఒకరు నేర్చుకోలేదు. ఇద్దరూ నేర్పారు, ఇద్దరూ నేర్చుకున్నారు. రాబోయే రోజుల్లో కోర్టులో తెలుగువారు ఎక్కువవుతారని ఆ పెద్దాయనకు తెలుసు. రిటైరు కాబోయే వయసులో, తన లిపిలో తెలుగు దిద్దుకున్నాడు. పక్క బల్ల ముసలివాళ్ళు పత్రిక మడిచి మా వైపు తిరిగారు. ఒక్కొక్క వాక్యం చదువుతుంటే అందరూ వంతులవారీగా అర్థం చెప్పడం. "ఈ కాగితం ఎవరిది?" "జడ్జిగారు వచ్చారు." "మీ ఊళ్ళో వానలు పడ్డాయా?"

చివరి పేజీ దగ్గరకు వచ్చాడు యజమాని. అక్కడ మూడే వాక్యాలు.

"పొద్దుపోయింది, ఇంటికి వెళ్ళండి. అమ్మగారు ఎదురు చూస్తారు. బిస్కట్లు మరవకండి."

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ సాసరు కింద పెట్టింది. కొంగుతో మూతి తుడుచుకున్నట్లు కళ్ళు తుడుచుకుంది.

"చూశావుట్రా! బిస్కట్ల సంగతి చెప్పింది ఆయనా? ఇన్నేళ్ళూ మీ నాన్నగారికే తోచిందనుకుంటున్నాను!" అన్నది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కాని ఆ పేజీని వేలితో మెల్లగా రెండుసార్లు రాసింది. తను ఎన్నడూ చూడని మనిషి, తన గుమ్మం ఎన్నడూ తొక్కని మనిషి, సాయంత్రం వేళ తను ఎదురుచూస్తుందని తలచుకుని, రాని భాషలో రాసుకున్న మాట అది.

ఇటువంటి హోటళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఒకే టీ మీద రెండు గంటలు కూర్చునేవారితో నేటి అద్దెలు గిట్టవు. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు పోతున్నారు. రోడ్లు వెడల్పవుతున్నాయి. పాత బస్తీ మెట్రో రైలు కోసం 2025లో ఎన్నో కట్టడాలు కూలగొట్టారు. ఇరానీ టీ దొరకదని కాదు. అది ఇప్పుడు ఊరంతా, ఏ కాలనీలో చూసినా దొరుకుతోంది. కాగితం కప్పులో పోసి ఇస్తారు, నిలబడి తాగి వెళ్ళిపోతాము. సాసరే లేదు. ఒకరు కప్పు, ఒకరు సాసరు తీసుకుని ఎదురెదురుగా కూర్చునే వీలే లేదు. అందుకని, పాఠకులు వెళ్ళదలిస్తే తొందరగా వెళ్ళండి. వెళ్ళినప్పుడు తొందరపడకండి. మీ ఇంట్లో ఇంతవరకు ఆ గడప తొక్కని వారెవరైనా ఉంటే వెంటబెట్టుకుని వెళ్ళండి.

యజమాని మా దగ్గర టీ డబ్బులు తీసుకోనన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. బిస్కట్లకు కూడా లెక్కకట్టించి, కాగితం పొట్లం తన చేతి సంచిలో పెట్టుకున్నది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఏమండీ, టీ తాగడానికి ఇంతసేపా? అత్తయ్యగారు మందు వేసుకోవాలన్న ధ్యాసైనా ఉండక్కర్లేదా మీకు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మ నన్ను తప్పించుకుని లోపలికి నడిచి, సంచిలోంచి పొట్లం తీసి కోడలి చేతిలో పెట్టింది.